నాగార్జునకొండకు సంఘం రిట్రీట్: దీవికి ఒక పూట, ఒడ్డున రెండు రాత్రులు

నాగార్జునసాగర్ జలాశయం మధ్య దీవి అయిన నాగార్జునకొండ మీద రాత్రి బస లేదు. కర్నూలు చర్చి సంఘాల్లో దీవిలో రిట్రీట్ అనగానే చాలామంది టెంట్లు, చలిమంట, తెల్లవారుజామున నీటి ఒడ్డున ప్రార్థన ఊహించుకుంటారు. అక్కడ దొరికేది లాంచీ దిగినప్పటి నుంచి మళ్లీ ఎక్కేదాకా ఒక పూట మాత్రమే. కూడికలన్నీ ఒడ్డున పెట్టుకుని, మౌన ధ్యానాన్ని దీవికి దాచుకుంటే ఆ పూట చాలు.

రోజు ఎంచుకోవడంలోనే మొదటి పొరపాటు జరుగుతుంది. సెలవు కలిసొస్తుందని గుడ్ ఫ్రైడేకు వేసుకుంటారు. శుక్రవారం మ్యూజియం మూసేస్తారు, అది లేకపోతే దీవిలో చూసేది సగమే. పైగా ఎండాకాలంలో జలాశయం దిగిపోయి లాంచీ దాకా దిగే నడక పెరుగుతుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదే కష్టం. ఆగస్టు, సెప్టెంబరుల్లో డ్యామ్ గేట్లు ఎత్తారంటే జనం విరగబడతారు, బస్సు ముందుకు కదలదు. గాలి ఎక్కువైతే లాంచీ ఆగిపోతుంది. నవంబరు, జనవరి మంచివి. డిసెంబరూ మంచిదే గానీ క్యారల్స్ రోజుల్లో యూత్‌ను ఊరు దాటించడం ఏ పాస్టరు గారి వల్లా కాదు.

దారి నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల, ఎర్రగొండపాలెం, మాచర్ల మీదుగా లాంచీ ఎక్కే విజయపురి సౌత్‌కు. రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఆగుతూ పోయే బస్సుకు ఆరు గంటలు లెక్క వేసుకోవాలి. ఆత్మకూరు నుంచి దోర్నాల దాకా నల్లమల పులుల అభయారణ్యం, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు వదలరు. కాబట్టి తెల్లవారుజామున మూడుకే బయల్దేరి చెక్‌పోస్టు దగ్గర కూర్చోవడం దండగ. నాలుగున్నరకు కదిలితే గేటు తీసే వేళకు చేరతారు. అడవి మధ్యలో హోటళ్ల మీద ఆశ పెట్టుకోకండి.

టిఫిన్‌కు ఉగ్గాని కట్టుకుపోవద్దు, గంటకే ముద్దవుతుంది. చిత్రాన్నం, పక్కన చెనిక్కాయల పొడి మధ్యాహ్నం దాకా ఆగుతాయి. కొబ్బరి చట్నీ మాత్రం ఎండకు ముందుగా పులిసేది. నలభై మందికి పూటకు ఆరు కిలోల బియ్యం, దీవి పూటకు ఇరవై లీటర్ల క్యాన్లు మూడు సరిపోతాయి. క్యాన్లు లాంచీలోకి మోయలేరు, ఒడ్డునే అందరి సీసాలు నింపించాలి.

బస విషయంలో జాగ్రత్త. విజయపురి సౌత్ ఆంధ్రలో ఉంది, నది దాటితే తెలంగాణ. అటువైపు హిల్ కాలనీలో తెలంగాణ టూరిజం విజయ్ విహార్ ఉంది, నీళ్లు కనిపించే గదులు, ఉన్నవాటిలో హాయి అదే. కానీ కర్నూలు కాంట్రాక్టు బస్సుకు ఆ రాష్ట్రం టెంపరరీ పర్మిట్ లేకపోతే జరిమానా పడుతుంది. డ్రైవరు "ఏం కాదులే సార్" అంటే నమ్మకండి, పర్మిట్ కాగితం చూపించమనండి. నలభై మందితో పోయేవాళ్లకు మాచర్ల మేలు. చర్చి హాలు ముందుగా మాట్లాడుకుని మగవాళ్లను అక్కడ, ఆడవాళ్లను, పిల్లలను లాడ్జిలో ఉంచొచ్చు. మైకు, కీబోర్డు, రాత్రి కూడిక అన్నీ హాల్లోనే అయిపోతాయి. పోయే ముందు అడగాల్సినవి రెండే: మరుగుదొడ్లు ఎన్ని, కరెంటు పోతే ఇన్వర్టరు ఉందా.

లాంచీ ముప్పావు గంట నుంచి గంట నడుస్తుంది. జనం చాలకపోతే వదలరు. అందుకే నలభై మంది గుంపుగా రావడమే మీ బలం, ముందురోజే కౌంటరులో చెప్పి ఉంచండి. లైఫ్ జాకెట్ భుజాన వేసుకుంటే సరిపోదు, కట్టు బిగించాలి. పిల్లల సైజువి విడిగా అడిగి తీసుకోవాలి. లాంచీలో మార్కు సువార్త 4వ అధ్యాయం తుపాను కథ చదవాలని ప్రతి యూత్ లీడరుకూ బుద్ధి పుడుతుంది. ఈత రాని పెద్దమ్మల ముందు దాన్ని తిరుగు ప్రయాణానికి వాయిదా వేయండి.

బౌద్ధుల చోటుకు చర్చి వాళ్లు దేనికని అడిగేవాళ్లు ఉంటారు. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1955 డిసెంబరు 10న డ్యామ్‌కు శంకుస్థాపన అయింది. లోయ మునిగేలోపు తవ్వి తీసిన కట్టడాల్లో కొన్నిటిని రాయి రాయిగా పైకి తెచ్చి మళ్లీ కట్టారు. విహారాల్లో వరసగా కనిపించే చిన్న గదులు ఒక్కొక్క భిక్షువువి. ఏకాంతం అంటే ఏమిటో చెప్పడానికి ప్రసంగం కన్నా ఆ గదుల కొలతలే మేలు. ఇవన్నీ రక్షిత కట్టడాలు, అనుమతి లేకుండా సభలు పెట్టకూడదు. పాటలు, డప్పు, స్పీకరు వద్దు. ముప్పై నిమిషాలు ఒక్కొక్కరు ఒక్కో చెట్టు కింద, తర్వాత మ్యూజియం. ఈ వరస తిప్పితే మ్యూజియంలోనే కాలం గడిచి లాంచీ కూత వినిపిస్తుంది.

గట్టిగా పాడాలనుంటే రోడ్డు మీదే పోదగిన అనుపు ఉంది. అక్కడికి తరలించి కట్టిన రంగస్థలంలో, మెట్ల మీద కూర్చున్నవాళ్లకు కింది మాట బాగా వినిపిస్తుంది. అక్కడ కూడా మైకు పెట్టవద్దు, అవసరమూ లేదు.

బాప్తిస్మం మాత్రం ఈ యాత్రలో కలపకండి. జలాశయం అంచు ఉన్నట్టుండి లోతవుతుంది. చంద్రవంక వాగు డెబ్బై అడుగులు దూకే ఎత్తిపోతల జలపాతం దగ్గరైతే మొసళ్ల పెంపక కేంద్రమే ఉంది. ఎత్తిపోతలను పై నుంచి అరగంట చూసి బస్సెక్కేయండి.

మూడోరోజు మధ్యాహ్నం రెండుకల్లా మాచర్ల వదలాలి. భోజనాలు ఆలస్యమై నాలుగైతే, ఒక టైరు పంక్చరైనా దోర్నాల గేటు మూసే వేళకు చేరతారు. అప్పుడు మార్కాపురం, గిద్దలూరు, నంద్యాల చుట్టి రావాల్సిందే. ఆదివారం ఆరాధన ఉన్న సంఘమైతే గురువారం బయల్దేరి శనివారం రాత్రికి ఇంట్లో ఉండేట్టు వేసుకోవద్దు, దీవి పూట శుక్రవారం పడుతుంది. సోమవారం బయల్దేరి, మంగళవారం దీవి చూసి, బుధవారం తిరిగి రావడం కుదురుతుంది.