అమ్మతో చెన్నై నుంచి విశాఖకు: తొలిసారి ఓడ ఎక్కేవారి కోసం

మా అమ్మ పుట్టి పెరిగిన ఊరు విశాఖ దగ్గరి భీమునిపట్నం, వాడుకలో భీమిలి. చిన్నతనంలో ఒడ్డున కూర్చుని, విశాఖ రేవుకు వచ్చిపోయే ఓడల పొగ చూస్తూ వాటిలో ఎవరెవరు ఉంటారో ఊహించుకునేదట. పెళ్లయి మద్రాసు వచ్చాక కూడా, మెరీనాకు వెళ్లినప్పుడల్లా ఆమె చూపు దూరంగా లంగరు వేసి ఉన్న ఓడల మీదే ఉండేది. చెన్నై రేవు నుంచి విశాఖకు వెళ్లి వచ్చే విహార ఓడ ఉందని తెలిసిన రోజే, డెబ్బై రెండేళ్ల అమ్మను అందులో తీసుకువెళ్లాలని అనుకున్నాను. నేను, నా భార్య, అమ్మ పెరంబూరు నుంచి, మా చెల్లెలి కుటుంబం నెల్లూరు నుంచి, మొత్తం ఏడుగురం బయలుదేరాం. నాలుగు రాత్రుల ప్రయాణం.

ఓడ ప్రయాణంలో డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కర్లేదో ముందుగా తెలిసి ఉంటే సగం చిక్కులు తప్పుతాయి. మాకు ఆ సంగతి మొదటి రాత్రే తెలిసింది.

కేబిన్లు నాలుగు రకాలు. కిటికీ లేని లోపలి గది అన్నిటికన్నా చవక. తర్వాత సముద్రం కనిపించే అద్దపు కిటికీ గది, ఆపైన బాల్కనీ గది, చివరగా అన్నిటికన్నా పెద్దదైన సూట్. బుక్ చేసేటప్పుడు అందరూ రకం చూస్తారు కానీ గది ఓడలో ఎక్కడ ఉందో చూడరు. త్రాసును గుర్తు చేసుకోండి. తట్టలు ఎంత ఊగినా, చేత్తో పట్టుకున్న చోట కదలిక ఉండదు. ఓడా అంతే. ముందు భాగం, వెనుక భాగం, పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి. మధ్యన, కింది అంతస్తుల్లో ఊగడం తక్కువ. అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి లిఫ్టుకు దగ్గరగా, కింది డెక్‌లో (అంతస్తులో), ఓడ నడిమధ్యన కిటికీ గది తీసుకున్నాం. చెల్లెలు ముచ్చటపడి, ఎక్కువ డబ్బు పెట్టి, పై డెక్‌లో ముందు వైపున బాల్కనీ గది తీసుకుంది. ఆ బాల్కనీలో వాళ్లు మొదటి ఇరవై నాలుగు గంటల్లో కూర్చున్నది అరగంట.

ఇంకో మాట. టికెట్ ధర అని చెప్పేది మొత్తం ఖర్చు కాదు. మేము బుక్ చేసిన ఏజెంటు ‘అన్నీ కలిపే’ అన్నాడు. చివరికి చూస్తే రేవు రుసుములు, పన్నులు, సిబ్బందికి టిప్పుగా ఇచ్చే గ్రాట్యుటీ విడిగా వచ్చాయి. ఏడుగురికి లెక్కిస్తే అది చిన్న మొత్తం కాదు. డబ్బు కట్టే ముందే ఏవి కలిశాయో, ఏవి కలవలేదో కాగితం మీద రాయించుకోండి. మామూలుగా గది, మూడు పూటల భోజనం, నాటకశాలలో ప్రదర్శనలు, ఈతకొలను టికెట్‌లోనే ఉంటాయి. మద్యం, సీసా పానీయాలు, ప్రత్యేక రెస్టారెంట్లు, వైఫై, స్పా, బట్టల ఉతుకు, డాక్టర్ ఫీజు విడి. ఓడలో డాక్టర్ ఉంటారు కానీ బయటి కన్నా చాలా ఖరీదు. పెద్దవాళ్లు వస్తుంటే ప్రయాణ బీమా తీసుకోవడం మంచిది. ఆ ఖర్చు దగ్గర వెనకాడకండి.

చెల్లెలు వాళ్లు ముందు రోజే నెల్లూరు నుంచి రైల్లో వచ్చారు. మా ఇంట్లో చోటు చాలక సెంట్రల్ స్టేషన్ దగ్గర ఒక హోటల్లో దిగారు. గదులు చిన్నవి, శబ్దం ఎక్కువ, కానీ రేవు అక్కడికి మూడు నాలుగు కిలోమీటర్లే. ఆ ఒక్క రాత్రికి సౌకర్యం కన్నా దగ్గరితనం ముఖ్యం. బయలుదేరే రోజు ఉదయమే ఊరి నుంచి రైలెక్కి నేరుగా ఓడ అందుకోవాలని మాత్రం ఎవరూ అనుకోవద్దు. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు. రేవు పక్కనున్న రాజాజీ సాలై రోడ్డు వైపు కంటైనర్ లారీల రద్దీ కూడా ఎప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేం. మేము పెరంబూరు నుంచి రెండు గంటల ముందు బయలుదేరాం. ఆ రెండు గంటలూ అవసరమయ్యాయి.

దేశం లోపల తిరిగే ఓడకు పెద్దవాళ్లకు ఆధార్ వంటి గుర్తింపు కార్డు చాలు. పిల్లలకు ఏమేం కావాలో సంస్థను అడిగి తెలుసుకోండి. విదేశీ రేవుకు వెళితే పాస్‌పోర్టు తప్పనిసరి. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు విహార ఓడ మొదలై హంబన్‌టోట, ట్రింకోమలీ, కంకేశంతురై రేవులకు వెళ్లింది. అలాంటి ప్రయాణానికి పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండేలా చూసుకోవాలి.

టెర్మినల్‌లో పెద్ద పెట్టెలకు గది నంబరు చీటీ కట్టి తీసుకుంటారు. అవి కేబిన్ తలుపు దగ్గరికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. కాబట్టి మందులు, ఒక జత బట్టలు, కళ్లద్దాలు, ఫోను ఛార్జర్, కాగితాలు చేతిసంచిలోనే ఉండాలి. అమ్మ రక్తపోటు మాత్రలు పెట్టెలో పెట్టాను అనుకుని నా భార్య కంగారుపడింది. చివరికి అవి అమ్మ చేతిసంచిలోనే దొరికాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కెటిల్ తీసుకురానివ్వరు, అగ్ని ప్రమాదం భయం. ఇంట్లో చేసిన తినుబండారాలనూ చాలా ఓడల్లో అనుమతించరు. అమ్మ గుడ్డ కట్టి తెచ్చిన ఆవకాయ సీసా తనిఖీ బల్ల దగ్గరే ఆగిపోయింది. నియమం అందరికీ ఒకటే కనుక వాదించలేదు. ముందే చదివి ఉంటే ఆ సీసా ఇంట్లోనే ఉండేది.

చెక్-ఇన్‌లో ఫొటో తీసి ఒక కార్డు ఇస్తారు. గది తాళం అదే, ఖర్చు రాసేది దాని మీదే, ఓడ దిగి ఎక్కేటప్పుడు చూపించేదీ అదే. పిల్లల కార్డుకు ఖర్చు సౌకర్యం ఆపివేయమని కౌంటర్‌లో చెప్పవచ్చు. మేము చెప్పాం.

ఎక్కగానే అందరినీ పిలిచి భద్రతా డ్రిల్ చేయిస్తారు. మస్టర్ డ్రిల్ అంటారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే మీ మస్టర్ స్టేషన్‌కు, అంటే ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటుకు రావాలని చెప్పి, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపిస్తారు. కొందరు ఆ సమయంలో తిండి దగ్గరే ఉండిపోయారు. నాకు చాలా బాధ కలిగింది. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ రాతికి తగిలి ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందల మందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. అప్పట్లో 24 గంటల లోపు చేస్తే సరిపోయేది. 2015 నుంచి ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే చేయాలని అంతర్జాతీయ నియమం మారింది. అమ్మ లైఫ్ జాకెట్ పట్టీ ఎలా బిగించాలో రెండుసార్లు అడిగి నేర్చుకుంది. గది నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులో లెక్కపెట్టుకుంది. లిఫ్టు పనిచేయకపోతే తనకు ఆ లెక్కే దారి అంది.

సాయంత్రం ఓడ కదిలింది. చెన్నై దీపాలు వెనక్కి పోతుంటే అందరం పై డెక్ మీదే ఉన్నాం. రాత్రి తొమ్మిదయ్యేసరికి గాలి పెరిగింది. చెల్లెలికి చిన్నప్పటి నుంచి బస్సు పడదు. అలాంటివాళ్లకు ఓడ కూడా పడకపోవచ్చు. చెవి లోపలి భాగం శరీరం ఊగుతోందంటుంది, నాలుగు గోడల మధ్య ఉన్న కళ్లు ఏమీ కదలడం లేదంటాయి. ఆ పొంతన కుదరకే వికారం. తను మాత్ర వేసుకున్నది వాంతులు మొదలయ్యాక. అప్పుడు వేసుకుంటే పెద్దగా ప్రయోజనం ఉండదు. అవోమిన్ వంటి మాత్రలు ఓడ కదలడానికి గంట, రెండు గంటల ముందే పడాలి. అవి నిద్ర తెప్పిస్తాయి. ఇతర మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పెద్దవాళ్లు డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి. కేబిన్ అటెండెంటు ఉప్పు బిస్కెట్లు, ఆకుపచ్చ ఆపిల్ ముక్కలు తెచ్చి ఇచ్చి, గదిలో పడుకోవద్దని, మధ్య డెక్ మీదికి వెళ్లి దూరంగా నీరు, ఆకాశం కలిసే గీతను చూస్తూ కూర్చోమని చెప్పాడు. చీకట్లో ఆ గీత కనిపించలేదు. చెల్లెలు అల్లం ముక్క నములుతూ, అమ్మ గదికి వచ్చి నేల మీద దుప్పటి పరచుకుని పడుకుంది. కింది డెక్‌లో ఊగుడు చాలా తక్కువ. తెల్లారేసరికి కోలుకుంది. అమ్మ ఆ రాత్రంతా హాయిగా నిద్రపోయింది.

కేబిన్ గురించి మరికొన్ని. గది చిన్నది, కానీ ఖాళీ పెట్టెలు మంచం కింద పడతాయి. గోడలు ఇనుముతో చేసినవి కనుక అయస్కాంతపు కొక్కేలు నాలుగు తెచ్చుకుంటే తడి తువ్వాళ్లు, టోపీలు, సంచులు తగిలించవచ్చు. మా మేనల్లుడు ఫ్రిజ్ మీది బొమ్మ ఒకటి తెచ్చి తలుపుకు అంటించాడు. వరుసగా ఒకేలా కనిపించే తలుపుల్లో మా గది ఆ బొమ్మతోనే తెలిసేది. స్నానాలగదికి గడప ఎత్తుగా ఉంటుంది. ముసలివాళ్లు రాత్రి లేచినప్పుడు తట్టుకుని పడే చోటు అదే. రాత్రంతా చిన్న దీపం వెలిగించి ఉంచాం.

భోజనానికి బఫే ఉంది, కూర్చోబెట్టి వడ్డించే హాలూ ఉంది. నా లెక్కలో అల్పాహారానికి బఫే, రాత్రికి హాలు. బఫేలో ఇడ్లీ, పొంగల్, పూరీ బాగున్నాయి. కూరల్లో ఉత్తరాది రుచి ఎక్కువ. పప్పు, పెరుగన్నం రోజూ దొరికాయి కనుక అమ్మకు ఇబ్బంది కలగలేదు. ఉల్లి, వెల్లుల్లి లేని వంట, జైన భోజనం కావాలంటే బుకింగ్ సమయంలోనే చెప్పాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు అందరూ ఒకేసారి వస్తారు, అరగంట ఆగి వెళితే ప్రశాంతం. తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు పాకించే నోరోవైరస్‌కు శానిటైజర్ అంతగా పనిచేయదు.

తీరం దాటాక ఫోనులో మామూలు సిగ్నల్ పోతుంది. ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కు ఫోను తనంతట తాను పట్టుకుంటే బిల్లు తడిసి మోపెడవుతుంది. కాబట్టి కదలగానే విమానం గుర్తు నొక్కేయండి. పిల్లల కోసం వైఫై కొనబోయి మానేశాం. సముద్రం మీద గడిపిన ఆ పగలంతా వాళ్లు అమ్మ పక్కన చేరి భీమిలి కథలు విన్నారు.

చెన్నై నుంచి విశాఖకు సముద్రం మీద సుమారు 600 కిలోమీటర్లు. తొందరపడితే ఒక్కరోజు దారి, విహార ఓడ దాన్ని రెండు రాత్రులు, ఒక పగలుగా సాగదీస్తుంది. ఉత్తరానికి పోతుంటే ఎడమ వైపు మన తీరం, కుడి వైపు సూర్యోదయం. తిరుగు ప్రయాణంలో అటూ ఇటూ మారతాయి. గది ఏ వైపు తీసుకోవాలో ఆలోచించేవారికి ఇది పనికొస్తుంది.

మూడో రోజు తెల్లవారకముందే అమ్మ నన్ను తట్టి లేపింది. ‘నాన్నా, లే, ఊరొస్తోంది’ అంది. శాలువా కప్పి పైకి తీసుకువెళ్లాను. ముందు డాల్ఫిన్స్ నోస్ కొండ మీద దీపస్తంభం వెలుగు, తర్వాత ఆ కొండ నల్లగా, ఆ తర్వాత ఊరి దీపాలు. రేవు పడవ ఒకటి ఓడ పక్కకు వచ్చి, దానితో సమానంగా పరుగెత్తింది. ఓడ పక్కన తాడు నిచ్చెన వేలాడుతోంది. నారింజ రంగు జాకెట్ వేసుకున్న మనిషి ఒక్క క్షణం అలను చూసి, పడవ పైకి లేచినప్పుడు నిచ్చెన అందుకుని గబగబా ఎక్కేశాడు. రేవు పైలట్. ఆ నీటి లోతులు తెలిసిన అతనే కెప్టెన్ పక్కన నిలబడి ఓడను లోపలికి తీసుకువెళతాడు. అమ్మ కమ్మీ పట్టుకున్న చెయ్యి వదలకుండా, అతను ఎక్కేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. ఒడ్డున కూర్చుని ఎన్నేళ్లు చూసినా ఈ నిచ్చెన సంగతి తెలియనేలేదు అంది.

విశాఖలో ఓడ తరఫున బస్సు యాత్ర ఉంది. కైలాసగిరి, ఆర్‌కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూపిస్తారు. ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఆగదు. చెల్లెలి కుటుంబం బస్సెక్కింది. పిల్లలకు జలాంతర్గామిలో ఇరుకు నడవాలు, సైనికులు పడుకునే అరలు తెగ నచ్చాయి. మేము ముగ్గురం కారు మాట్లాడుకుని భీమిలి వెళ్లాం. పాతిక కిలోమీటర్లు, తీరం వెంట చక్కని రోడ్డు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. డచ్చివారి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూసి, అమ్మ చిన్ననాటి వీధిలో పది నిమిషాలు నిలబడ్డాం. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. గంటన్నర ముందే రేవుకు తిరిగి వచ్చాం. గుర్తుంచుకోండి, తిరిగి రావాలని ఓడవాళ్లు చెప్పే సమయం ఓడ బయలుదేరేది కాదు, మనం లోపల ఉండాల్సినది. ఓడ గడియారాన్నే నమ్మండి.

చివరి రాత్రి పెద్ద పెట్టెలు కేబిన్ బయట పెట్టమంటారు. మర్నాడు వేసుకునే బట్టలు కూడా అందులో సర్దేసి ఇబ్బందిపడ్డవాళ్లను చూశాం. ఆ రాత్రే ఖాతా తీసుకుని పంక్తి పంక్తీ చూడండి. మేము తాగని రెండు పానీయాలు మా లెక్కలో పడ్డాయి. రాత్రి కౌంటర్‌లో చెబితే వెంటనే తీసేశారు. ఉదయం అదే కౌంటర్ ముందు పెద్ద వరుస ఉంది.

తిరిగి వచ్చిన వారానికి చెల్లెలు ఫోను చేసింది. ఈసారి శ్రీలంక వెళదాం, నాకూ అమ్మ పక్కనే కింది డెక్‌లో గది చూడు అంది. అమ్మకు ఇంతవరకూ పాస్‌పోర్టు లేదు. నిన్న దరఖాస్తు పెట్టాం. పుట్టిన ఊరు అని అడిగిన చోట భీమునిపట్నం అని తనే పూర్తిగా రాసింది.