యసుజిరో ఓజు బ్లూరే సెట్: కొన్నేళ్ల వాడకం తరువాత

జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు సినిమాల బ్లూరే సెట్ ఒకటి కొన్నేళ్లుగా మా ఇంట్లో ఉంది. ఆయన సినిమాల బలం మొదటిసారి కన్నా మూడోసారి చూసినప్పుడే ఎక్కువగా తెలుస్తుంది కనుక, సమీక్ష రాయడానికి ఇంతకాలం ఆగాను.

ముందు ఇబ్బందుల సంగతి. బ్లూరే డిస్కులను రీజియన్లుగా, అంటే ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలన్న దాన్నిబట్టి, విభజిస్తారు. విదేశంలో విడుదలైన ఈ సెట్ ‘A’ రీజియన్‌కు చెందింది, మన దేశం ‘C’ రీజియన్‌లో ఉంది. అందువల్ల అన్ని రీజియన్ల డిస్కులూ ఆడే ప్లేయర్‌ను వేరుగా కొనవలసి వచ్చింది. తెలుగు సబ్‌టైటిళ్లు లేవు. ఇంగ్లీషువి ఉన్నాయి గానీ, తెల్లని కాగితపు తలుపుల మీద తెల్లని అక్షరాలు పడినప్పుడు కళ్లు చికిలించుకోక తప్పదు. ఇంత ధర పెట్టినా చిన్న పరిచయ పుస్తకమైనా జతచేయకపోవడం పిసినారితనమే.

1923లో షోచికు స్టూడియోలో కెమెరా సహాయకుడిగా చేరిన ఓజు, 1927లో దర్శకుడై, 1963 డిసెంబర్ 12న, సరిగ్గా తన అరవయ్యో పుట్టినరోజున, మరణించేవరకు దాదాపు ఆ ఒక్క సంస్థకే పనిచేశారు. యుద్ధానంతర చిత్రాలలో కథలు ఇంచుమించు ఒకటే: పెళ్లీడుకొచ్చిన కూతురు, ఒంటరి తండ్రి, ఎదిగి దూరమైన పిల్లలు. వరుసగా చూస్తే ఏ సన్నివేశం ఏ సినిమాలోదో గుర్తుండదు కాబట్టి, నడుమ కొంత ఎడం ఇవ్వడం మంచిది.

1953 నాటి ‘టోక్యో స్టోరీ’నే తీసుకుందాం. ఒనోమిచి అనే ఊళ్లో ప్రయాణానికి సామాను సర్దుకుంటున్న ముసలాయన గాలిదిండు కనబడటం లేదంటాడు, మీకే ఇచ్చానంటుంది భార్య, కాదంటాడు, కాసేపటికి అది ఆయన సామానులోనే దొరుకుతుంది. ఆయన నొచ్చుకోడు, ఆమె దెప్పదు. మొదటిసారి నేను పట్టించుకోని ఈ చిన్న ముచ్చటలో వారి కాపురమంతా ఉందని మళ్లీ చూసినప్పుడు గానీ తెలియలేదు. అతామీలో సముద్రపు గట్టు మీద నుంచి లేవబోయి ఆమె తూలడం కూడా అంతే. జరగబోయేది తెలిసి చూస్తే గుండె గుబుక్కుమంటుంది.

కెమెరా దాదాపు ఎప్పుడూ చాప మీద కూర్చున్న మనిషి కళ్ల ఎత్తుకు కాస్త కిందనే ఉంటుంది, కదలడం అరుదు. మా టీవీని గోడకు ఎత్తుగా బిగించినంతకాలం ఈ అమరిక సొగసు అందలేదు. కిందికి దించి, నేల మీద కూర్చుని చూడటం మొదలుపెట్టాక తేడా తెలిసింది. 1958 నుంచి ఆయన రంగుల్లో తీశారు. ఎరుపు బాగా పలుకుతుందని ఎంచుకున్న ఆగ్ఫా ఫిల్ము మీద, ‘ఈక్వినాక్స్ ఫ్లవర్’లోని ఎర్ర కెటిల్ నిజంగానే మెరుస్తుంది.

ఆయన ప్రపంచఖ్యాతి చాలా ఆలస్యంగా వచ్చింది. మరో జపాన్ దర్శకుడు కురొసావా తీసిన ‘రషోమోన్’ 1951లోనే వెనిస్ చిత్రోత్సవంలో గెలవగా, మరీ జపనీయమైన ఈ సినిమాలు పరాయివారికి ఎక్కవని ఓజు చిత్రాలను విదేశాలకు పంపడానికి జపాన్ సినీ సంస్థలు వెనకాడాయి. ‘టోక్యో స్టోరీ’కి 1958లో లండన్‌లో సదర్లాండ్ ట్రోఫీ అనే సినిమా పురస్కారం దక్కినా, న్యూయార్క్‌లో అది విడుదలైంది 1972లో, ఆయన పోయిన తొమ్మిదేళ్లకు. 1985లో జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ ఆయన జాడ వెతుకుతూ ఏకంగా ఒక డాక్యుమెంటరీ తీశారు. 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక ఓటింగులో ప్రపంచ దర్శకులు ‘టోక్యో స్టోరీ’కే మొదటి స్థానమిచ్చారు.

కొత్తవారు మాత్రం దానితో మొదలుపెట్టనక్కరలేదు. టీవీ కొనలేదని అలిగి మాట్లాడటం మానేసిన ఇద్దరు పిల్లల కథ, 1959 నాటి ‘గుడ్ మార్నింగ్’, ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ చూడదగ్గది. ప్లేయర్ ఖర్చు కలుపుకున్నా ఈ సెట్ కొనమనే చెబుతాను.