రీడ్-ఓన్లీ రూట్‌తో నాలుగేళ్లు

మేడ మీద నీళ్ల ట్యాంకు మట్టం చూడ్డానికి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న లినక్స్ కంప్యూటర్ ఒకటి పెట్టుకున్నా. కరెంటు పోయినప్పుడల్లా గుండెల్లో రాయి పడేది, ఏదో రాస్తుండగా కరెంటు పోయి అప్పటికే రెండు మెమరీ కార్డులు పాడైపోయాయి మరి. మూడోది వేసిన రోజే, ఏ డిస్కుని ఎలా మౌంట్ చేయాలో (సిస్టమ్‌కి ఎలా తగిలించాలో) చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో రూట్ (సిస్టమ్ మొత్తం ఉండే భాగం) పక్కన 'ఆర్‌ఓ' (రీడ్-ఓన్లీ, చదవడమే తప్ప రాయకూడదు) అని రాసి, లాగ్‌లూ తాత్కాలిక ఫైళ్లూ ర్యామ్‌లో ఉండే టీఎంపీఎఫ్‌ఎస్‌కి మళ్లించాను. నాలుగేళ్లయింది, అదే కార్డు. కోతలు లెక్కపెట్టడం మానేశాను.

కార్డు మీద ర్యామ్‌తో ఒక పొర పరిచే ఓవర్‌లే వేసుకోవచ్చు కదా అంటారు. వేశాను, తీసేశాను. అందులో రాత జరిగినట్టే కనిపిస్తుంది, నిజానికి ర్యామ్‌లోకి పోతుంది, రీబూట్ అయ్యాక చూస్తే వైఫై పాస్‌వర్డ్ పాతదే ఉంటుంది, ఎందుకో తెలియక అరగంట జుట్టు పీక్కోవాలి. దానికన్నా కెర్నల్ (లినక్స్ గుండెకాయ) 'రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్' అనే 30 నంబరు ఎర్రర్ ఇచ్చి కుదరదని ముఖం మీదే చెప్పేయడం నయం.

తలనొప్పంతా అప్‌డేట్ల రోజునే. రాయడానికి వీలుగా, రీడ్-రైట్‌గా రీమౌంట్ చేయడం సులువే. పనయ్యాక మళ్లీ రీడ్-ఓన్లీ చేయబోతే 'మౌంట్ పాయింట్ బిజీ' అంటుంది. రాయడానికి ఏ ఫైలూ తెరిచి లేదు, మరి బిజీ ఏంటి? మొదటిసారి ఒక సాయంత్రమంతా దీనికే పోయింది. అప్‌డేట్‌లో పాత లైబ్రరీ డిలీట్ అయింది గానీ దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు దాన్ని ఇంకా పట్టుకునే ఉంది. అది వదిలాక ఆ ఫైలు ఐనోడ్‌ని (డిస్కు మీద దాని వివరాలుండే చోటుని) ఖాళీ చేయాలి, అంటే డిస్కు మీద రాయాలి, అందుకే కెర్నల్ ఒప్పుకోదు. ఏ ప్రోగ్రాం ఏ ఫైలు పట్టుకుందో చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో 'డీఈఎల్' (డిలీటైన ఫైలు) అని కనిపించే ప్రోగ్రాంలను రీస్టార్ట్ చేస్తే దారికొస్తుంది. సర్వీసులన్నిటినీ నడిపే సిస్టమ్‌డీయే పట్టుకుని కూర్చుంటే, దాన్ని తిరిగి మొదలుపెట్టే డెమన్-రీఎగ్జెక్ కమాండ్ కొట్టాలి.

ఒక్క విషయంలో మాత్రం మోసపోయాననిపించింది. పాడైన పాత కార్డుని ల్యాప్‌టాప్‌లో 'ఆర్‌ఓ' పెట్టి మౌంట్ చేశా, ఏమీ రాయదులే అన్న ధీమాతో. కార్డులోని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఏం చేస్తుందంటే, రీడ్-ఓన్లీ అన్నా సరే, జర్నల్‌లో (చేయాల్సిన మార్పుల చిట్టాలో) మిగిలిపోయిన పనిని ముందు డిస్కు మీద పూర్తి చేసేస్తుంది! మనం రాయకూడదన్నమాటే గానీ అది రాసుకుంటుంది. కార్డుని అస్సలు ముట్టుకోకూడదంటే జర్నల్ జోలికి పోవద్దనే 'నోలోడ్' కూడా కలపాలి, ఇంకా భయముంటే ముందే బ్లాక్‌డెవ్ కమాండ్‌తో డివైస్‌నే రీడ్-ఓన్లీ చేసేయాలి.

వెనక్కి మార్చడం మర్చిపోతానేమోనని కమాండ్లు కొట్టే ప్రాంప్ట్‌లో ఎర్రగా 'ఆర్‌డబ్ల్యూ' (రీడ్-రైట్) అని కనిపించేలా పెట్టుకున్నా. గత నెల వారం రోజులు అలాగే వదిలేశాను. లాగిన్ అయితే కదా అది కనిపించేది.