గల్ఫ్ కార్మికుల ఆరోగ్య పరిశోధనలో వాట్సాప్: నాలుగేళ్ల వాడకం తర్వాత

జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి ఎండలో పనిచేసే మగవారి మూత్రపిండాల ఆరోగ్యాన్ని, రక్తపోటును నాలుగేళ్లుగా గమనిస్తున్న చిన్న బృందంలో నేనూ ఉన్నాను. వాట్సాప్‌ను ఎంచుకోవడంలో మా తెలివేమీ లేదు. ఇంటివాళ్లు వారితో మాట్లాడేది అందులోనే కాబట్టి మేమూ అందులోకి వెళ్లాం.

వలస వెళ్లినవారిపై ఏళ్ల తరబడి సాగే అధ్యయనానికి పెద్ద గండం మనిషి చేజారిపోవడమే. ఈ విషయంలో మాత్రం ఈ యాప్‌కు నిండు మార్కులు వేస్తాను. సెలవు మీద వచ్చినవారు ఇక్కడి సిమ్ వేసుకున్నా ఖాతా పాత నంబరు మీదే నడుస్తుంది కనుక, +971తో మొదలయ్యే దుబాయ్ నంబరుకు మేం పంపిన ప్రశ్నకు కోరుట్ల దగ్గర పొలం గట్టు మీద నుంచి జవాబు వచ్చిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అయితే 120 రోజులు వాడకపోతే ఖాతా రద్దవుతుంది, వదిలేసిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఒకసారి బీపీ గోలీల గురించి మేం అడిగిన ప్రశ్న ముక్కూమొహం తెలియని మనిషికి చేరింది. అప్పటి నుంచి మొదటి సందేశంలో ఆరోగ్యం ఊసెత్తకుండా, "అన్నా, మనం మొదట ఏ ఊళ్లో కలిశాం?" అని అడిగి, సరైన జవాబు వచ్చాకే అసలు విషయానికి వస్తున్నాం.

యూఏఈలో వాట్సాప్ సందేశాలు వెళ్తాయి గానీ కాల్స్ కలవవు. మొదట ఇది పెద్ద లోటనిపించింది, తర్వాత అదే కలిసొచ్చింది. డ్యూటీ దిగి, వంట చేసుకుని, తిన్నాక వారు తీరిగ్గా పంపే వాయిస్ మెసేజ్‌లలో దొరికిన వివరం ఏ ప్రశ్నాపత్రంలోనూ దొరకలేదు. "రూమ్‌ల ఎనిమిది మందిమి ఉంటం మేడం, గందుకే మెట్ల మీదికొచ్చి చెప్తున్న" అని మొదలుపెట్టి, సైట్‌లో మరుగుదొడ్డి దూరమని నీళ్లు తాగడమే తగ్గించుకున్నానని ఒకాయన చెప్పాడు. అలాంటి ప్రశ్న అడగాలని మాకు అప్పటిదాకా తోచలేదు. వాటిని రాతలోకి ఎక్కించడం మాత్రం నడుం విరిగే పని. "ఒంటికి పోతే మంట" అన్న మాటను, తెలంగాణ వాడుక తెలియని సహాయకుడొకరు "ఒళ్లంతా మంట" అని రాశాడు. మూత్రంలో మంట చర్మం మంటగా మారి మూడు నెలలు మా పట్టికలో కూర్చుంది.

ఫొటోల విషయంలో మా అనుభవం అంత బాగాలేదు. మూత్రం రంగును పోల్చి చూసుకోవడానికి పట్టీ బొమ్మ పంపితే, ఒక్కో ఫోన్ తెర వెలుతురులో అది ఒక్కో రంగులో కనిపించింది. చివరికి బొమ్మ మానేసి మాటలకు వచ్చాం: కొబ్బరినీళ్లలా ఉందా, నిమ్మరసంలా ఉందా, పాలు కలపని సులేమానీ చాయ్‌లా ఉందా? గల్ఫ్‌లో ఉన్నవారికి సులేమానీ రంగు వేరే చెప్పనక్కర్లేదు.

వేళ విషయంలోనూ పప్పులో కాలేశాం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని ఆపాలి కాబట్టి, అప్పుడు తీరిక ఉంటుందని ప్రశ్నలు పంపాం. అప్పుడు వారు నిద్రపోతారు, నిద్రపోనివ్వాలి కూడా.

గ్రూపు పెట్టడం మా తప్పు, రెండు వారాల్లో మూసేశాం. అందులో చేరిన ప్రతివారి నంబరు మిగతావారందరికీ కనిపిస్తుంది. కంపెనీ వదిలి కల్లివెల్లి అయిన, అంటే సరైన పత్రాలు లేకుండా ఉంటున్న మనిషికి అది ప్రాణసంకటం. 2016 నుంచి సందేశాలకు రెండు కొసల మధ్య గుప్తీకరణ (పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని ఏర్పాటు) ఉన్నమాట నిజమే కానీ, పక్క మంచం వాడు తొంగిచూస్తే, మా ఫోన్ గ్యాలరీలోకి రిపోర్టుల ఫొటోలు వాటంతటవే చేరుతుంటే అది ఏం చేస్తుంది? ఫోన్‌లో ఆ సౌకర్యం ఆపేయాలని మాకు ఆలస్యంగా తెలిసింది. సమ్మతి పత్రం సంగతీ అంతే. ఆరు పేజీల పీడీఎఫ్‌ను ఎవరూ తెరవలేదు. దాన్ని మూడు చిన్న వాయిస్ మెసేజ్‌లుగా చేసి, అర్థమైంది మీ మాటల్లో చెప్పమంటున్నాం. నీలం టిక్కులు పడినంత మాత్రాన ఒప్పుకున్నట్టు లెక్కవేయం.

ఇంతా చేసి మా అధ్యయనంలో ఆడవారు లేరు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లినవారిని చేర్చాలని రెండుసార్లు ప్రయత్నించాం. కొందరి ఫోన్ యజమానురాలి దగ్గరే ఉంటుంది, మా సందేశం వల్లే వారికి మాటపడే ప్రమాదం ఉందని తెలిశాక విరమించుకున్నాం. వారు సెలవుకు వచ్చినప్పుడు ఇళ్లకే వెళ్లి మాట్లాడుతున్నాం. అక్కడ మా ఫోన్లు సంచిలోనే ఉంటాయి.