జోకర్ వచ్చేలోపు ఏది చూస్తే మేలు?

2019 అక్టోబర్ 2న హాలీవుడ్ సినిమా జోకర్ విడుదల. బ్యాట్‌మ్యాన్ కథల్లో విలన్ అయిన జోకర్ అలా ఎలా తయారయ్యాడన్నదే ఇందులో కథ. ఆ రోజు దగ్గరపడే కొద్దీ అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, జోకర్‌కి పోయే ముందు పాతవాటిలో ఏది చూడాల?" మా నెల్లూరు ట్రంక్ రోడ్డులో టీ తాగుతుంటే అడిగారు, ఆఫీసులో అడిగారు, నిన్న రాత్రి ఒంగోలు నుంచి మా బావమరిది ఫోన్ చేసి మరీ అడిగాడు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఇక్కడ రాసేస్తే నయం. మీ చేతిలో ఉన్నది ఒక్క సాయంత్రమే అనుకుని రాస్తున్నాను.

ఎక్కువమంది ముందుగా తీసేది 2008లో వచ్చిన ది డార్క్ నైట్. అందులో జోకర్ వేసిన హీత్ లెడ్జర్‌ని తక్కువ చేసే మాట నా నోట రాదు. ఆ సినిమా విడుదలకు ఆరు నెలల ముందే ఆయన చనిపోయాడు, ఆస్కార్ ఆ తర్వాతి ఏడాది వచ్చింది. ఇప్పటికీ ఆ గొంతు వింటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఈ పనికి మాత్రం అది పనికిరాదంటాను. అందులో జోకర్‌కి గతం లేదు. నోటి పక్కన ఆ గాట్లు ఎలా వచ్చాయో ఒకసారి తండ్రి కత్తి కథ చెబుతాడు, ఇంకోసారి పెళ్లాం కథ చెబుతాడు. రెండూ నమ్మలేం. మనకి భయం వేసేదే అందుకు. దర్శకుడు టాడ్ ఫిలిప్స్ ఇప్పుడు తీసింది దీనికి పూర్తిగా ఎదురు దారి. 1981 నాటి గోథమ్ అనే ఊహా నగరం, ముసలి తల్లిని చూసుకుంటూ జోకర్ వేషం కట్టి పొట్ట పోసుకునే ఆర్థర్ ఫ్లెక్ అనే మనిషి. లెడ్జర్‌ని తలలో పెట్టుకుని వెళితే సినిమా అంతా ఇద్దరినీ పోల్చుకోవడంతోనే సరిపోతుంది. ఈ పాత్ర కోసం 52 పౌండ్లు, అంటే దాదాపు 24 కిలోలు తగ్గిన వాకీన్ ఫీనిక్స్‌కి అది అన్యాయం.

1989 నాటి బ్యాట్‌మ్యాన్‌లో జాక్ నికల్సన్ వేసిన జోకర్‌కి గతం ఉంది. కానీ రసాయనాల తొట్టిలో పడకముందే అతను రౌడీ, పడి లేచాక రంగు మారిన రౌడీ. 2016లో సూసైడ్ స్క్వాడ్‌లో జారెడ్ లెటో వేసిన జోకర్ జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు.

చదివే అలవాటున్నవాళ్లకి ది కిల్లింగ్ జోక్ ఉంది. 1988లో అలన్ మూర్ రాయగా బ్రయన్ బాలండ్ బొమ్మలు వేసిన చిన్న కామిక్ పుస్తకం, గంటలో అయిపోతుంది. ఉద్యోగం మానేసి కమెడియన్ అవుదామనుకున్న ఒకతను, నిండు గర్భిణి భార్య, కట్టాల్సిన అద్దె. అతని జోకులకి ఎవరూ నవ్వరు. ఒక్క రోజు తిరగబడితే మామూలు మనిషి ఏమవుతాడో చూపిస్తుంది. ఫిలిప్స్ తాను కామిక్స్‌ని అనుసరించలేదని చెప్పాడు గానీ, ఓడిపోయిన కమెడియన్ అన్న విత్తనం మాత్రం ఇక్కడ కనిపిస్తుంది.

నన్ను అడిగితే అసలు చూడాల్సింది ఒక్కటే: జోకర్ కాబోయే ఆ మనిషిని చూసి ఎవరు నవ్వారు?

మా ఊరు కోవూరు పక్కన. నా చిన్నప్పుడు తిరునాళ్లకి తెల్లవార్లూ పౌరాణిక నాటకాలు ఆడేవాళ్లు. మయసభలో దుర్యోధనుడు నేల అనుకుని నీళ్లలో అడుగేస్తాడు. స్టేజీ మీద నీళ్లెక్కడివి, ఉన్నవి బల్లలే. ఆ నటుడు కాలు జారినట్టు తూలి, పంచె కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుని పిండేవాడు. మేమంతా గొల్లున నవ్వేవాళ్లం. అంతలో తెర పక్కనుంచి ఆడగొంతు నవ్వు వినపడేది. అతను కుచ్చిళ్లు వదిలేసి, కిరీటం సర్దుకుని, మావైపు తిరిగేవాడు. చెమటకి ముఖానికి పూసిన అర్దళం రంగు కరిగి చెంపల మీద చారలు కట్టి ఉండేది. కాసేపు ఏమీ అనేవాడు కాదు. అప్పటిదాకా నవ్విన మేం నోళ్లు మూసుకునేవాళ్లం. తర్వాత నిండు సభలో జరగబోయే ఘోరం అందరికీ తెలుసు, దాన్ని మెచ్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆ క్షణంలో అతని కడుపుమంట మాకు అర్థమయ్యేది.

జోకర్ ట్రైలర్‌లో అద్దం ముందు కూర్చుని ముఖానికి తెల్ల రంగు పూసుకునే ఫీనిక్స్‌ని చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చారలు కట్టిన చెంపలే. నా బతుకు విషాదం అనుకున్నాను, కాదు, కామెడీ అని తెలిసింది అంటాడతను. నవ్వు ఆపుకోలేని జబ్బు అతనికి.

అందుకే నా ఓటు మార్టిన్ స్కోర్సేసీ తీసిన ది కింగ్ ఆఫ్ కామెడీకి. అమెరికాలో 1983లో విడుదలై, అప్పట్లో ఆడలేదు. రాబర్ట్ డి నీరో ఇందులో రూపర్ట్ పప్కిన్. వయసు ముప్పై దాటింది, తల్లి ఇంట్లోనే ఉంటాడు. అట్టతో చేసిన స్టార్ల బొమ్మల మధ్య కూర్చుని, తాను టీవీ షోలో ఉన్నట్టు మాట్లాడుకుంటాడు. అరవకురా అని లోపల్నుంచి తల్లి కేకేస్తుంది. పెద్ద టీవీ హోస్ట్ ఆఫీసుకి క్యాసెట్ పట్టుకుని పోతాడు. అక్కడివాళ్లు మర్యాదగానే పంపేస్తారు. మళ్లీ పోతాడు. చివరికి ఆ హోస్ట్‌నే ఎత్తుకుపోతాడు. ఒక్క చావు లేదు, రక్తపాతం లేదు. అయినా చూస్తున్నంతసేపూ టెన్షన్.

ఆ ఆఫీసు సీన్లు నేను ఒక్క ఊపున చూడలేకపోయాను. 2012లో నేను తీసిన పదిహేను నిమిషాల షార్ట్ ఫిల్మ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని హైదరాబాద్ వెళ్లాను. ఒక ఆఫీసులో మూడు రోజులు బెంచీ మీద కూర్చున్నాను. "సార్ మీటింగ్‌లో ఉన్నారు, నంబర్ ఇచ్చి వెళ్లండి" అనేవాళ్లు. మూడో రోజు లోపల్నుంచి నవ్వులు వినపడ్డాయి. నా గురించి అయ్యుండదు. కానీ ఆ రాత్రి రైలెక్కి నెల్లూరులో దిగేదాకా అవి నా గురించే అనిపించింది. ఆ నవ్వు చెవిలో పడ్డ మనిషి తర్వాత ఏం చేస్తాడన్నది నాకు కామిక్ పుస్తకం సంగతి కాదు.

పైగా, కొత్త సినిమాలో టీవీ హోస్ట్ వేషం డి నీరోదే. అప్పుడు తలుపు బయట నిలబడ్డవాడు ఇప్పుడు లోపలి కుర్చీలో కూర్చున్నాడు. ఇది తెలిసి చూడటం వేరు, తెలియక చూడటం వేరు.

1976 నాటి టాక్సీ డ్రైవర్ కూడా స్కోర్సేసీదే, డి నీరోదే. నిద్రపట్టక రాత్రుళ్లు టాక్సీ తోలే ఒంటరివాడి కథ. సినిమాగా అదే గొప్పదని చాలామంది అంటారు, నేనూ కాదనను. అందులో కోపం ఉంది, ఒంటరితనం ఉంది, కానీ నవ్వించాలన్న ఆశ లేదు. రెండో సాయంత్రం దొరికితే అది చూడండి.

సెప్టెంబర్ 7న వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో జోకర్‌కి అక్కడి పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ వచ్చిందని చదివినప్పటి నుంచి నాకు రోజులు లెక్కపెట్టుకోవడమే పని. ఇక్కడ ఇబ్బంది ఒకటుంది. అదే రోజు సైరా వస్తోంది, మన థియేటర్లలో ఆ వారం వేరే సినిమాకి చోటు దొరకడం కష్టం. దొరక్కపోతే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోతాను, మధ్యాహ్నానికి అక్కడుంటాం. ఇది ఎ సర్టిఫికెట్ సినిమా కాబట్టి పిల్లల్ని ఇంట్లోనే దించి రండి. మా బావమరిది అదే బండి ఒంగోలులో ఎక్కుతానన్నాడు. టికెట్ నేనే తీస్తానన్నాను, ఈలోపు రూపర్ట్‌ని చూసి వస్తేనే అని చెప్పి.