ఇసబ్‌గోల్, లాక్టులోజ్, పెగ్ పౌడర్: నరాలు దెబ్బతిన్న పొట్టకి ఏది మేలు?

స్మాల్ ఫైబర్ న్యూరోపతీ, అంటే ఒంట్లో సన్న నరాలు దెబ్బతినే జబ్బు, అనగానే అందరూ అరికాళ్ళ మంటల గురించే మాట్లాడతారు కానీ పొట్టనీ పేగుల్నీ నడిపించే సన్న నరాలు కూడా దీంట్లో దెబ్బతినొచ్చు, అప్పుడు రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, ఉబ్బరం, వికారం, రోజుల తరబడి మోషన్ అవ్వకపోవడం మొదలవుతాయి. మా అత్తయ్యకి షుగర్ వల్ల వచ్చింది, ఇక్కడ బెంగళూరులో మా దగ్గరే ఉంటారు. మోషన్ అవ్వట్లేదంటే చాలు, రాగి ముద్ద తినండి, కోసంబరి (నానబెట్టిన పెసరపప్పు, పచ్చి కూరల సలాడ్) తినండి, ఇసబ్‌గోల్ వేసుకోండి అని ప్రేమగానే చెప్తారు అందరూ. మామూలు పొట్టకైతే మంచి సలహానే.

ఇసబ్‌గోల్ నీళ్ళు పీల్చుకుని ఉబ్బి మలానికి బరువు ఇస్తుంది, దాన్ని ముందుకి తోయాల్సింది మాత్రం పేగే. ఆ తోసే నరాలే నీరసించిపోతే ఉబ్బిన పొట్టు లోపలే ఉండిపోయి గ్యాస్, బరువు ఇంకా పెరుగుతాయి. పైన జీర్ణాశయమే ఆలస్యంగా ఖాళీ అవుతుంటే, దాన్నే గ్యాస్ట్రోపరేసిస్ అంటారు, పీచు అక్కడే ఉండలా గట్టిపడే ప్రమాదం కూడా ఉంది. అందుకే రెండు ముద్దలకే నిండిపోయేవాళ్ళకి ఇసబ్‌గోల్ వద్దనే నేనంటాను. అలా లేకుండా మోషన్ కొంచెం గట్టిగా ఉండడం ఒక్కటే బాధైతే, తక్కువ మోతాదులో మొదలుపెట్టి నీళ్ళు బాగా తాగగలిగితే పర్లేదు.

లాక్టులోజ్ సిరప్ పీచు కాదు, పెద్దపేగులోకి నీళ్ళు లాగుతుంది, పనిచెయ్యడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. చిక్కేంటంటే పేగులో బాక్టీరియా దాన్ని పులియబెడతాయి, గ్యాస్ వస్తుంది. కదలిక తగ్గిన పేగులో బాక్టీరియా ముందే ఎక్కువగా పెరిగి ఉండొచ్చు, ఉబ్బరంతో రాత్రి నిద్రపట్టని మనిషికి ఇది ఇంకో బాధ. అత్తయ్యకి అదే జరిగింది.

పెగ్ పౌడర్, అంటే పాలీఇథిలీన్ గ్లైకాల్, కూడా నీళ్ళనే పట్టి ఉంచుతుంది కానీ బాక్టీరియా దాన్ని పులియబెట్టలేవు, ఒంటికీ దాదాపు పట్టదు, షుగర్ పెంచదు. మామూలుగా పెద్దవాళ్ళకి 17 గ్రాములు ఒక గ్లాసు నీళ్ళలో, ఫలితం 1 నుంచి 3 రోజుల్లో. దీర్ఘకాల మలబద్ధకానికి 2023లో అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా పెగ్‌కి గట్టి సిఫార్సు, పీచుకీ లాక్టులోజ్‌కీ అంతకంటే మెత్తని సిఫార్సు. అది ఈ నరాల జబ్బు కోసమని రాసింది కాదు, అయినా ఉబ్బరం ఎక్కువున్నవాళ్ళకి నా ఓటు దీనికే. మెడికల్ షాపులో జాగ్రత్త, కొలనోస్కోపీకి ముందు 2 లీటర్ల నీళ్ళలో కలిపి తాగే పెద్ద ప్యాకెట్ కూడా పెగ్ పౌడరే, రోజూ వాడేది అది కాదు. మోతాదు ఎక్కువై నీళ్ళ విరేచనాలు పట్టుకున్నా కష్టమే, ఈ జబ్బులో లేచి నిలబడగానే బీపీ పడిపోయేవాళ్ళు ఉంటారు, ఒంట్లో నీరు తగ్గితే కళ్ళు తిరిగి పడిపోతారు. కిడ్నీ, గుండె సమస్యలుంటే డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

తిండిలో ఉబ్బరం ఎక్కువున్న రోజుల్లో రాగి ముద్ద, పచ్చి కూరలు పక్కనపెట్టి మెత్తని ఇడ్లీ, పలచని పెసరపప్పు అన్నం, బాగా ఉడికిన సొరకాయ, అదీ కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు. నూనె ఎక్కువైతే పొట్ట ఇంకా నెమ్మదిస్తుంది కాబట్టి మసాలా దోసె వద్దు.

ఈ మూడిట్లో ఏది కొనే ముందైనా మందుల చీటీ ఒకసారి తీసి చూడండి. నరాల మంటకి ఇచ్చే అమిట్రిప్టిలిన్ పేగుల్ని నెమ్మది చేస్తుంది, బరువు తగ్గడానికీ షుగర్‌కీ వాడే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు జీర్ణాశయాన్ని నెమ్మది చేస్తాయి. వాటిని సొంతంగా ఆపెయ్యకుండా, న్యూరాలజిస్ట్‌కి మోషన్ సంగతి మొహమాటపడకుండా చెప్పి మార్చగలరేమో అడగండి. మలంలో రక్తం, వాంతులు, బరువు తగ్గిపోవడం, గ్యాస్ కూడా బయటికి రాకుండా పొట్ట బిగుసుకుపోవడం ఉంటే మాత్రం ఈ పౌడర్లేవీ వెయ్యకుండా ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.