టైమ్స్ స్క్వేర్ టీకేటీఎస్ కౌంటర్: సగం ధర టికెట్ ఎప్పుడు లాభం, ఎప్పుడు నష్టం

న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర గాజు మెట్ల మీద కూర్చుని ఫొటోలు దిగని వాళ్లుండరు. ఆ మెట్ల వెనక్కి వెళ్లి 47వ వీధి వైపు చూస్తే వరసగా టికెట్ కిటికీలు కనిపిస్తాయి. అదే టీకేటీఎస్. బ్రాడ్వే (న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలలు), ఆఫ్ బ్రాడ్వే (వాటికన్నా చిన్నవి) నాటకాల టికెట్లు ఆ రోజుకి మిగిలినవి 20 నుంచి 50 శాతం తగ్గింపుతో అక్కడ అమ్ముతారు. 1973లో మొదలైంది, ఎర్ర మెట్లు మాత్రం 2008లో వచ్చాయి. నడిపేది టీడీఎఫ్ అనే లాభాపేక్ష లేని సంస్థ. టికెట్టుకి కొన్ని డాలర్లు సేవా రుసుము పడుతుంది, అది ఆ సంస్థకే వెళుతుంది.

ముందే తేల్చి చెప్పాలంటే, "ఈ పూట ఏదో ఒక మంచి నాటకం చూడాలి, ఇద్దరమో ముగ్గురమో ఉన్నాం" అనుకునేవాళ్లకి దీన్ని మించిన చోటు లేదు. "ఫలానా షోనే కావాలి, ఆరుగురం పక్కపక్కనే కూర్చోవాలి, రేపు విమానం" అనుకునేవాళ్లు మాత్రం ఈ క్యూలో నిలబడొద్దు. కొత్తగా వచ్చి విరగబడి ఆడుతున్న షోలు ఈ బోర్డు మీదకి దాదాపు రావు. ఎప్పట్నుంచో ఆడుతున్న పెద్ద మ్యూజికల్స్, మాటల నాటకాలు, ఈ మధ్యే మొదలై ఇంకా పేరు పాకనివి, ఇవీ ఎక్కువగా ఉండేవి. నిజానికి చాలా మంచి నాటకాలు ఈ మూడో రకంలోనే దొరుకుతాయి.

క్యూలోకి వెళ్లే ముందే టీకేటీఎస్ యాప్ తెరిచి చూసుకోండి. కౌంటర్ దగ్గర వెలిగే బోర్డులో ఏముందో యాప్‌లోనూ అదే ఉంటుంది: షో పేరు, ఆట వేళ, తగ్గింపు శాతం, ధర. ఒక్క షో మీదే ఆశ పెట్టుకోకుండా మూడు పేర్లు వరసగా అనుకుని వెళ్లాలి. మీ వంతు వచ్చేసరికి మొదటిది బోర్డు మీంచి మాయమవడం మామూలే. మ్యాటినీ టికెట్లు పొద్దున 11కి, సాయంత్రం ఆటవి మధ్యాహ్నం 3కి మొదలవడం సాధారణ పద్ధతి. రోజును బట్టి ఈ వేళలు మారుతుంటాయి కాబట్టి ఆ రోజు ఒకసారి చూసుకోవాల్సిందే. తెరిచే వేళకి క్యూ చాలా పొడవుగా ఉంటుంది. అందరూ ముందొస్తేనే మంచి సీట్లనుకుంటారు గానీ, హాళ్లు టికెట్లన్నీ ఒక్కసారే పంపవు, రోజంతా కొన్ని కొన్నిగా వదులుతాయి. అతిథుల కోసం అట్టిపెట్టిన సీట్లు ఎవరూ తీసుకోకపోతే ఆట ముందు బయటికొస్తాయి. అందుకే మంగళ, బుధ, గురువారాల్లో సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో వెళితే క్యూ తక్కువ, సీట్లు కూడా ఏమంత తీసిపోవు. శనివారం మాత్రం ఈ లెక్క పనిచేయదు.

మ్యూజికల్ కాకుండా మాటల నాటకం చూడదలుచుకున్నవాళ్లకి ప్రత్యేకంగా ఒక కిటికీ ఉంది, ప్లే ఎక్స్‌ప్రెస్ అంటారు. పెద్ద క్యూ మెలికలు తిరుగుతున్నప్పుడు కూడా అక్కడ జనం పలచగా ఉంటారు. క్యూలో తిరిగే టీకేటీఎస్ సిబ్బందిని మొహమాటపడకుండా అడగండి, పిల్లలకి ఏది బాగుంటుందో, ఏది ఎంతసేపో వాళ్లకి బాగా తెలుసు. అదే క్యూ పక్కన కాగితాలు పంచుతూ, "ఇటు రండి, క్యూ లేదు" అని పిలిచేవాళ్లు వేరే. వాళ్లు అమ్మేవి చాలావరకు కామెడీ క్లబ్ టికెట్లు.

కిటికీ దగ్గరికి వెళ్లాక హడావుడి పడితే దెబ్బతింటారు. సీట్ల పటం పెట్టి ఎంచుకోమనరు, వాళ్ల తెర మీద ఏది వస్తే అది ఇస్తారు. కార్డు ఇచ్చే ముందే అడగాల్సినవి నాలుగు: ఏ భాగం, ఏ వరస, సీటు నంబర్లేంటి, స్టేజి పూర్తిగా కనిపిస్తుందా. కొన్నాక వాపసు లేదు, మార్పిడీ లేదు.

ఆ సీటు నంబర్ల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తొలిసారి వచ్చినవాళ్లు కంగారుపడేది ఇక్కడే. బ్రాడ్వే హాళ్లలో కింది అంతస్తుని ఆర్కెస్ట్రా అంటారు, దాని పైది మెజనీన్, ఇంకా పైన ఉంటే బాల్కనీ. స్టేజి వైపు తిరిగి కూర్చుంటే ఎడమ భాగంలో అన్నీ బేసి సంఖ్యలు, కుడి భాగంలో అన్నీ సరి సంఖ్యలు, మధ్య భాగంలో 101, 102, 103 అని వరస సంఖ్యలు. అంటే టికెట్ మీద "ఆర్కెస్ట్రా, కె వరస, 9, 11" అని ఉంటే అవి పక్కపక్క సీట్లే, మధ్యలో ఎవరూ ఉండరు. 1, 2 అని ఉంటేనే ఇబ్బంది: ఒకటి ఎడమ భాగంలో, రెండోది కుడి భాగంలో, మధ్య భాగం మొత్తం మీ ఇద్దరి నడుమ. సంఖ్య చిన్నదయ్యే కొద్దీ మధ్యకి దగ్గర, పెరిగే కొద్దీ గోడకి దగ్గర. కాబట్టి పక్క భాగంలో 1, 3 అంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 23, 25 అంటే స్టేజిలో మీ వైపు మూల కనిపించదు, తగ్గింపు ఎంతైనా ఆలోచించాలి.

కింద కూర్చుంటేనే గొప్ప అనుకోవడం ఇంకో పొరపాటు. ఆర్కెస్ట్రాలో చివరి నాలుగైదు వరసల నెత్తిన మెజనీన్ కప్పులా ఉంటుంది. సెట్ రెండంతస్తుల ఎత్తున వేసే షోల్లో పై అంతస్తులో జరిగేది అక్కణ్నుంచి కత్తిరించినట్టు పోతుంది. బాగా ముందు వరసల్లో అయితే స్టేజి ఎత్తు వల్ల నర్తకుల పాదాలు కనపడవు. డాన్స్ ఎక్కువున్న మ్యూజికల్‌కి మెజనీన్ మొదటి మూడు వరసల మధ్య భాగమే అన్నిటికన్నా మంచి చోటు. ముప్ఫై మంది కలిసి గీసే ముగ్గు పైనుంచే తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురు నటులు మాట్లాడుకునే నాటకానికైతే కింద, ముఖాలు కనిపించే దూరంలో కూర్చోవాలి. ఈ హాళ్లలో చాలావరకు 1900, 1930ల మధ్య కట్టినవి. కాళ్లు చాపుకునే చోటుండదు, లిఫ్టులు ఉండటం అరుదు, బాల్కనీకి నిటారు మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే కిటికీలో ఆ మాట చెప్పి, మెట్లు లేని ఆర్కెస్ట్రా సీట్లే అడగండి.

ఇక తగ్గింపు లెక్క. "50 శాతం" అని బోర్డు మీద కనిపించగానే సంబరపడటానికి లేదు. ఆ శాతం ఏ ధర మీద అన్నదే అసలు ప్రశ్న. బ్రాడ్వే ధరలు రోజుని, గిరాకీని బట్టి మారుతుంటాయి, టీకేటీఎస్‌కి వచ్చేవి ఎక్కువగా ఖరీదైన భాగాల సీట్లే. ఉదాహరణకి 180 డాలర్ల ఆర్కెస్ట్రా సీటుకి 30 శాతం తీసేస్తే 126, పైన రుసుము. అదే షోకి మెజనీన్ వెనక వరసలో సీటు తగ్గింపేమీ లేకుండానే 89 ఉండొచ్చు. చిన్న హాల్లో ఆ వెనక సీటు పెద్ద హాల్లో మధ్య సీటుతో సమానం. బ్రాడ్వే అని పిలిపించుకోడానికి హాల్లో కనీసం 500 సీట్లుండాలి. అలాంటివి 41 ఉన్నాయి గానీ అన్నీ ఒక్క సైజు కాదు: హేస్‌లో 600 దాకా ఉంటే గెర్ష్విన్‌లో 1,900 పైన. హేస్‌లో చివరి వరస కూడా దగ్గరే. గెర్ష్విన్‌లో చివరి వరస అంటే దుర్భిణి తీసుకెళ్లాల్సిందే.

అందుకే టీకేటీఎస్‌తో పోల్చి చూడాల్సింది వెబ్‌సైట్లతో కాదు, హాలు సొంత బాక్సాఫీసుతో. ఆన్‌లైన్లో కొంటే ప్రతి టికెట్టుకీ అదనపు రుసుములు పడతాయి, హాలు కిటికీలో కొంటే అవి పడవు. పైగా సీట్ల పటం చూపించి మాట్లాడే మనిషి ఉంటాడు. ఎక్కువ హాళ్లు పొద్దున పదింటికి కిటికీ తెరుస్తాయి, ఆదివారం ఆలస్యం. చాలా షోలకి ఆ వేళకే రష్ టికెట్లుంటాయి, అంటే ఆ రోజు ఆటకి తక్కువ ధరకి అమ్మేవి, సాధారణంగా 30 నుంచి 50 డాలర్ల మధ్య, మనిషికి రెండు మించి ఇవ్వరు. స్టేజి పక్కన మూలగా ఉన్నవో, బాగా ముందు వరసవో వస్తాయి. లాటరీ ఇంటి దగ్గర్నుంచే వేసుకోవచ్చు, హామిల్టన్ లాంటి షోకి అందులో టికెట్ 10 డాలర్లే. తగిలితే అదృష్టం, తగలకపోతే పోయేదేమీ లేదు, కానీ దాన్ని నమ్ముకుని ప్రయాణం పెట్టుకోకూడదు. హాలు పూర్తిగా నిండిన రోజున కొన్ని చోట్ల వెనక నిలబడి చూసే టికెట్లు కూడా అమ్ముతారు. రెండున్నర గంటలు నిలబడగలిగితే అవి నిజంగా మంచి బేరం, స్టేజి సూటిగా కనిపిస్తుంది.

ఏడాదికి రెండుసార్లు, చలికాలంలో ఒకసారి, సెప్టెంబర్లో ఒకసారి, బ్రాడ్వే వీక్ అని ఒకటి కొంటే ఒకటి ఉచితం అనే పద్ధతిలో ముందుగానే అమ్ముతారు. తేదీలు మార్చుకోగలిగినవాళ్లకి అది టీకేటీఎస్ కన్నా మేలు, ఎందుకంటే తేదీ, సీటు రెండూ ముందే ఖాయమవుతాయి. క్రిస్మస్ వారంలో మాత్రం ఏ దారిలో వెళ్లినా ధర మండిపోతుంది. జనవరి, ఫిబ్రవరిల్లో అదే షో బోర్డు మీద తేలిగ్గా కనిపిస్తుంది. న్యూయార్క్ చుట్టుపక్కల ఉండే విద్యార్థులు, టీచర్లు, ప్రభుత్వోద్యోగులు, రిటైరైనవాళ్లయితే క్యూతో పని లేకుండా టీడీఎఫ్ సభ్యత్వమే తీసుకోవడం ఉత్తమం. ఏడాదికోసారి రుసుము కడితే ముందుగానే తక్కువ ధరకి టికెట్లు తీసుకోవచ్చు, అయితే ఏ సీటన్నది వాళ్లిష్టం.

షో పేరు వెతికితే మొదట వచ్చే ప్రకటన చాలాసార్లు మారు అమ్మకాల సైటు. చిరునామాలో హాలు పేరో షో పేరో ఉంటుంది, పైన "అధికారిక" అన్నట్టే కనిపిస్తుంది, ధర చూస్తే రెట్టింపు. షో సొంత వెబ్‌సైటుకి వెళ్లి అక్కడున్న టికెట్ల లింకు నొక్కితేనే అసలు చోటికి చేరతారు. న్యూయార్క్ రాష్ట్రంలో 2022 నుంచి రుసుములన్నీ కలిపిన మొత్తం ధరని మొదటే చూపించాలన్న చట్టం ఉంది, చివర్లో డబ్బు పెరిగిందంటే ఆ పేజీ మూసేయండి.

ఇంగ్లీషు యాస, పాటలో పడిపోయే మాటలు అందవని వెనకాడే అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు గాలాప్రో యాప్ వేసుకుని వెళ్లాలి. చాలా బ్రాడ్వే షోలకి నటులు పలికే మాటలన్నీ అదే క్షణంలో ఫోన్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో వస్తాయి, తెర నల్లగా ఉంటుంది కాబట్టి పక్కవాళ్లకి ఇబ్బంది ఉండదు. డబ్బు కట్టక్కర్లేదు. హాల్లోకి వెళ్లాక అక్కడి వైఫైకి కలపాలి, లైట్లు ఆరకముందే పని పూర్తి చేసుకోవాలి, ఆరిపోయాక ఫోన్‌తో తంటాలు పడితే అటెండర్ వచ్చి మూయిస్తారు. కొత్తగా మొదలైన షోకి మొదటి కొన్ని వారాలు ఈ సదుపాయం ఉండకపోవచ్చు.

ఫలానా నటుడి కోసమే టికెట్ కొంటే ఒక్క సంగతి తెలిసి ఉండాలి. పోస్టర్ మీద నాటకం పేరు కన్నా పైన ఎవరి పేరుందో వాళ్లు ఆ రోజు రాకపోతేనే డబ్బు వాపసు అడిగే వీలుంటుంది. పేరు కిందున్నవాళ్లు ఎంత ప్రసిద్ధులైనా వాళ్ల బదులు అండర్‌స్టడీ వేస్తే ఆట ఆటే. ఆ మార్పు ప్లేబిల్‌లో, అంటే హాల్లో చేతికిచ్చే నాటకం పుస్తకంలో, చిన్న చీటీగా పెడతారు. అండర్‌స్టడీ అనగానే నిరాశపడటం మాత్రం అన్యాయం, ఆ రాత్రి కోసం నెలల తరబడి సాధన చేసి నిలుచున్న మనిషి ఇచ్చే ఆటలో వేరే వేడి ఉంటుంది.

న్యూజెర్సీ నుంచి వచ్చేవాళ్లు కారు తీయకపోవడం మంచిది. 2025 జనవరి 5 నుంచి మాన్‌హట్టన్‌లో 60వ వీధికి దిగువన పగటిపూట కారుకి 9 డాలర్ల ప్రవేశ రుసుము, ఆపైన పార్కింగ్. రైల్లో వచ్చి పెన్ స్టేషన్లో దిగితే నాటకశాలల వీధులకి పావుగంట నుంచి ఇరవై నిమిషాల నడక, బస్సులో వచ్చి పోర్ట్ అథారిటీ బస్ స్టేషన్లో దిగితే ఇంకా దగ్గర. ఆలస్యంగా వస్తే లోపలికి వెంటనే పోనివ్వరు, ఒక సీనో పాటో ముగిసేదాకా వెనకే నిలబెడతారు. ఎక్కువ హాళ్లకి సోమవారం సెలవు.

ఒక్క రోజే వచ్చి రెండు ఆటలు చూడాలంటే బుధవారం గానీ శనివారం గానీ పెట్టుకోండి. మధ్యాహ్నం రెండింటి ఆట నాలుగున్నర దాటేసరికి అయిపోతుంది. పొద్దున టీకేటీఎస్‌లో కొన్న టికెట్ చెత్తబుట్టలో పడేయకుండా జేబులో ఉంచుకోండి. ఏడు రోజుల్లోపు దాన్ని చూపిస్తే క్యూతో పని లేకుండా ఒకటో నంబరు కిటికీకి నేరుగా పంపిస్తారు, సాయంత్రం ఆటకి టికెట్ అయిదు నిమిషాల్లో చేతిలో ఉంటుంది.